మెత్తని అంకె

ముత్తక్క తమ్ముడి ఎడమకాలి చెప్పు ఊడలాగి చంకలో పెట్టుకుంది.

"అక్కా, ఈసారి ఎక్కేది మంచుకొండ. రెండు చెప్పులూ ఉండాలే!" అన్నాడు పోలన.

"మంచుకొండ కాబట్టే ఒకటి ఉంచుకుంటున్నా. ఇది ఇక్కడుంటే ఆ రెండోది దీన్ని వెతుక్కుంటూ వస్తుంది. దాంతో పాటు నువ్వూ తగలడతావు" అంది ముత్తక్క.

వాదించి లాభం లేదని పోలనకు తెలుసు. తల్లీ తండ్రీ ఒకే ఓడలో బయలుదేరి వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పుడు అక్కకు పద్నాలుగేళ్ళు, తనకు నాలుగు. ఆనాటి నుంచి తమ్ముడు గడప దాటితే చాలు, ఆమె ఒక చెప్పు జామీను పట్టుకుంటుంది. సన్యాసి వేషం కడితే సన్యాసులే కాళ్ళకు మొక్కేటంతటి పగటివేషగాడు పోలన. అలాంటివాడు ఒక కాలికి తన చెప్పూ, ఇంకో కాలికి దారిలో దొరికిన చెప్పూ తొడుక్కుని దేశాలు తిరిగేది ఈ అక్కగారి పుణ్యమే.

"ఎన్నాళ్ళురా పోలిగా?"

"తొమ్మిది రోజులు. పున్నమి ఉత్సవానికి నీ పక్కన ఉంటాను."

"లేకపోతే?"

"ఆ చెప్పుతోనే కొట్టు."

ముత్తక్క నవ్వలేదు. చేతులకంటిన గుగ్గిలం కొంగుకు తుడుచుకుంటూ, ఒడ్డున బోర్లించి ఉన్న ఓడ దగ్గరికి వెళ్ళిపోయింది. ఓడల పగుళ్ళకు గుగ్గిలం నూరి పూయడం ఆమె పని. ఆ రేవులో ఆమె చేయి పడని ఓడ లేదు. ఎంత పెద్ద చిల్లునైనా తేరిపార చూడగలదు గానీ, వెళ్ళేవాళ్ళ వీపు చూడటం మాత్రం ఆమె వల్ల కాదు.

కుంభసముద్రం చుట్టూ తొమ్మిది రాజ్యాలు చేతులు పట్టుకుని వలయంగా కూర్చున్నట్టు ఉంటాయి. ముత్యాల చిప్పలు అలల అంచున దొర్లే ఆ ఒడ్డున, పగడపు రంగు మేడలతో, గాలికి రెపరెపలాడే వెయ్యి తెరచాపలతో వెలిగిపోయే రాజ్యం కుంభిని. సముద్రానికి ఉత్తరాన, దాని తలాపున నిలిచినట్టు వెండికూట పర్వతం. ఆ పర్వతం రెండు భుజాల నడుమ ఆకాశానికి అడ్డంగా తెర కట్టినట్టు ఒక మంచుగోడ ఉంది. పొద్దున అది గులాబి రేకులా ఉంటుంది, మధ్యాహ్నం కత్తి అంచులా మెరుస్తుంది, సాయంత్రం మల్లెపూవు మీద కుంకుమ చల్లినట్టు ఉంటుంది. కవులకు ఆ గోడంటే ప్రాణం. కొలతగాళ్ళకు మాత్రం అదంటే గుండెల్లో దడ. గోడ వెనక గడ్డకట్టిన మంచు ఇంకో సముద్రమంత ఉందనీ, గోడ ఏటేటా పలచబడుతోందనీ, అది విరిగిన నాడు తొమ్మిది రాజ్యాల పల్లపు ఊళ్ళూ ఒక్క పూటలో మునుగుతాయనీ వాళ్ళు చెబుతూ వస్తున్నారు.

కుంభినిని ఏలే వసంతబాహు మహారాజుకు ఈ మాట నచ్చలేదు. ముందురోజు నిండు సభలో పోలనను పిలిపించి ఇలా అన్నాడు:

"నేను పట్టానికొచ్చిన ఏడాది గోడకు నలభై ఏళ్ళన్నారు. తర్వాత ఇరవై అయిదన్నారు. ఇప్పుడు పన్నెండంటున్నారు. నిజమనేది ఒకటే కదా! ఇన్నిసార్లు బట్టలు మార్చేది నిజమా, వేషమా? వేషాన్ని వేషగాడే పట్టాలి. మారువేషంలో వెళ్ళి వాళ్ళ అబద్ధం పట్టుకురా. పున్నమి నాడు పౌరులందరినీ సముద్రపు ఇసుకలో కూర్చోబెట్టి మధ్యాహ్నం విందు ఇస్తున్నాను. ఆ విందులో నువ్వు ఆ అబద్ధాన్ని ఆడి చూపించాలి."

రాజుగారి కుడిపక్కన నిశ్చింతయోగి కూర్చుని ఉన్నాడు. పట్టుబట్టలు, నెమలి ఈకల విసనకర్ర, సగం మూసిన కళ్ళు, ఎప్పుడూ చెదరని చిరునవ్వు. భుజాల మీదా, చేతుల మీదా, ఆసనం అంచుల మీదా చిలకలు. ఆయనను ప్రశ్నలడిగినవాళ్ళే ఆ చిలకలని ఊళ్ళో చెవులు కొరుక్కుంటారు. గట్టిగా అనరు.

"నా అంజనంలో ఆ గోడకు వెయ్యేళ్ళ ఆయువు కనిపించింది. ముప్పై ఏళ్ళుగా వెయ్యేళ్ళనే చెబుతున్నాను. నా అంకె ఒక్కసారి కూడా మారలేదు" అన్నాడు యోగి తేనెలా.

ముప్పై ఏళ్ళ కిందట వెయ్యి అయితే ఇప్పుడు తొమ్మిది వందల డెబ్భై కావాలి కదా అని పోలనకు ఒక చిన్న అనుమానం తగిలింది. కానీ సభంతా చప్పట్లు కొడుతోంది. తనూ కొట్టాడు.

దారిలో తోడుగా ఉంటుందని యోగి ఒక చిలకను ఇచ్చి పంపాడు. అది ఒకటే మాట అంటుంది: "క్షేమం! క్షేమం!"

తొలిరోజు పోలన పడవ సుడిగుండంలో చిక్కుకుని ఏడుసార్లు తిరిగింది. "క్షేమం!" అంది చిలక. రెండోరోజు ఎలుగుబంటి తరిమింది. చెట్టెక్కిన పోలన తన మూటలోని పులితోలు కప్పుకుని ఒక్క గాండ్రింపు గాండ్రించేసరికి ఎలుగుబంటి పారిపోయింది, దాని వెనకే చాటున పొంచి ఉన్న ముగ్గురు దొంగలు కూడా పారిపోయారు. మూడోరోజు తాళ్ళ వంతెన మధ్యలో తెగింది. తెగిన తాడు పట్టుకుని ఊగి, బండకు గుద్దుకుని, ముక్కు పగలగొట్టుకుని అవతలి గట్టెక్కాడు. "క్షేమం!" అంది చిలక. "నీ మొహం!" అన్నాడు పోలన. నాలుగోరోజు పొద్దుగూకే ముందు మంచుగోడ పాదం చేరుకుని, తెల్లగడ్డం అంటించుకుని, నడుం వంచి, దూరదేశపు ముదుసలి కొలతగాడి వేషంలో కొలతగాళ్ళ గుహ ముందు నిలబడి గొంతు వణికించాడు:

"నాయనలారా! నీలకందర రాజ్యం నుంచి మీ విద్య చూసిపోదామని వచ్చాను."

గుహలోంచి ఎండు అల్లంలా ముడతలు పడ్డ ఒక ముసలావిడ వచ్చింది. ఏడుగురు కొలతగాళ్ళకూ పెద్ద, పినాకమ్మ. ఆమె పోలన ముఖం వంక చూడలేదు. అతను నడిచి వచ్చిన మంచు వంక చూసింది.

"కుడి అడుగు రెండు వేళ్ళు దిగింది, ఎడమ అడుగు నాలుగు వేళ్ళు. రెండు చెప్పులూ ఒక మనిషివి కావు. అడుగుకీ అడుగుకీ మధ్య రెండు మూరలుంది, డెబ్భై ఏళ్ళవాడు అంత చాచి నడవడు. గడ్డం ఎడమవైపు ఊడుతోంది నాయనా, పట్టుకో. ఎవరు నువ్వు?"

పదేళ్ళ వృత్తిలో పోలన వేషం మొదటిసారి పట్టుబడింది. ఇక దాచి ఏం లాభం! "రాజుగారి వేషగాణ్ణి అవ్వా. మీ అబద్ధం పట్టుకురమ్మని పంపారు" అన్నాడు, కత్తులు ఎటు నుంచి వస్తాయా అని చూస్తూ.

పినాకమ్మ ముఖం పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. "ఒరేయ్ సోమిదేవా! అందరూ రండర్రా! మన తప్పు పట్టడానికి మనిషొచ్చాడు!"

లోపలి నుంచి ఆరుగురు పరుగెత్తుకొచ్చారు. ఒకడు కాళ్ళకు వేడినీళ్ళు తెచ్చాడు, ఒకావిడ కంబళి పరిచింది. సోమిదేవుడనే బొద్దు మనిషి తేనె జాడీ తెచ్చి పోలన ముందు పెట్టి మూత తీశాడు.

"మా పద్ధతి ఇది" అన్నాడు సోమిదేవుడు ఉత్సాహంగా. "ఏడుగురం ఏడు చోట్ల గోడలో కర్రలు దిగ్గొట్టాం. ప్రతి అమావాస్యకూ ఒకరి కర్ర ఇంకొకరు కొలుస్తాం. ఎదుటివాడి తప్పు పట్టినవాడికి ఈ తేనె. మొన్న నేను వెంట్రుకవాసి తప్పు కొలిచానని తిప్పాంబ నా తేనె మొత్తం నాకేసింది."

"వెంట్రుకవాసి కాదు, రెండు వెంట్రుకలు" అంది తిప్పాంబ అనే బక్కపలచని ఆమె.

"ఒకటిన్నర!"

"రెండు! మళ్ళీ కొలుద్దాం రా!"

వాళ్ళిద్దరూ నిజంగానే కొలవడానికి వెళ్ళిపోయారు. పోలన ఆశ్చర్యపోయాడు. అబద్ధాల సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు! వేషం కట్టేవాడు చూసేవాడికి ఏం కావాలో ముందు కనిపెడతాడు, అది అందిస్తాడు. వేషగాళ్ళ ముఠాలో ఒకడి గడ్డం ఊడితే మిగతావాళ్ళు చుట్టూ చేరి కప్పిపుచ్చుతారు. ఇక్కడేమో ఒకడి గడ్డం ఒకడు పీకి తేనె తింటున్నారు! పైగా వీళ్ళు చెప్పేది ఎవడికీ అక్కర్లేని మాట. ఇది వేషమైతే ఇంత చేతకాని వేషం భూమ్మీద లేదు.

అయినా రాజుగారి పని రాజుగారిదే. గుహంతా వెతికాడు. గుహ గోడకు ఏడు తాళ్ళు వేలాడుతున్నాయి, ఒక్కో కర్రకు ఒక్కో తాడు. ఎన్నేళ్ళలో అక్కడ మంచు విరుగుతుందో అన్ని ముళ్ళు. మొదటి తాడుకు పన్నెండు ముళ్ళు. రెండోదానికి తొమ్మిది. తర్వాత ఏడు, అయిదు, మూడు, ఒకటి. ఏడో తాడుకు ముడే లేదు.

"దొరికింది!" అని ఎగిరి గంతేశాడు పోలన. "ఏడు తాళ్ళకు ఏడు లెక్కలు! మీరు మాత్రం పన్నెండని చాటింపు వేయించారు. ఎందుకు?"

 పినాకమ్మ తాళ్ళ దగ్గరికి వచ్చింది.

"ఏడుగురమూ ఒప్పుకున్నదే బయటికి చెప్పాలని మా నియమం. పన్నెండేళ్ళకు మించి నిలవదంటే ఏడుగురమూ అవుననే అంటాం. అంతకన్నా తక్కువంటే ఎవరో ఒకరు ఇంకోసారి కొలుద్దాం అంటారు. అందుకని అన్నింట్లోకీ మెత్తని అంకె చెబుతాం. నలభై చెప్పినప్పుడూ అంతే, ఇరవై అయిదప్పుడూ అంతే."

"మరి ఈ ముడి లేని తాడు?"

"అది నాది. గోడ నడిమధ్యలో ఉన్న కర్ర. ముడి ఏడాదికొకటి కడతాం. ఏడాది కూడా లేనిదానికి ముడెక్కడ కట్టను?"

పోలన ఆ తాడును చేతిలోకి తీసుకున్నాడు. "ఎన్నాళ్ళు?"

"ఈ పున్నమికి. మూడు రోజులు అటో ఇటో."

"అయిదు రోజులు! అవ్వా, మరి ఎందుకు చెప్పలేదు?"

ముసలావిడ నవ్వింది. అందులో నవ్వు తక్కువ. "వయసులో ఉన్నప్పుడు ఒక లోయలో చెప్పాను నాయనా, అమావాస్యలోగా కొండచరియ పడుతుందని. అమావాస్య వెళ్ళింది, పడలేదు. సున్నపుబొట్లు పెట్టి గాడిదనెక్కించి ఊరి బయటికి తోలారు. మూడో రోజున పడింది."

"తర్వాత వాళ్ళు నీకు క్షమాపణ చెప్పుకున్నారా?"

"చెప్పడానికి ఎవరు మిగిలారు?"

 పోలన లేచి నిలబడ్డాడు. 

"మా అక్క ఓడలకు గుగ్గిలం పూస్తుంది" అన్నాడు. "ఒక ఓడకు ఆరు పలకలు ఇనుములా ఉండి ఏడోదాంట్లో చేయి దూరేంత పగులుంటే, ఆ గట్టి పలకలు చూసి ఓడను నీళ్ళలోకి పంపదు. పగులున్న పలకే చూస్తుంది. మీరు ఇన్నాళ్ళూ గట్టి పలక చూపించి ఓడ తోలారు. పున్నమి మధ్యాహ్నం మా అక్క సముద్రపు ఇసుకలో విందు బంతిలో కూర్చుంటుంది!"

సోమిదేవుడు తేనె జాడీ నెమ్మదిగా పోలన వైపు జరిపాడు. "తప్పు పట్టావు" అన్నాడు. "నీదే."

అప్పుడు గమనించారు. ఇంతసేపూ నోరు మెదపని చిలక ఒక్కసారి రెక్కలు విప్పి గుహ దాటి దక్షిణానికి దూసుకుపోయింది.

తెల్లవారేసరికి యోగి జవాబు వచ్చింది. లోయ అంచు మీదుగా తెల్లని పొగమంచు పాముల్లా పాకుతూ పైకెక్కుతోంది. ఒక్కో పాము ఒక్కొక్కరి చెవి దగ్గర పడగ విప్పి మెత్తగా మాట్లాడుతోంది. "నీ లెక్క తప్పే సోమిదేవా, ఇంకో వందేళ్ళుంది" అందొకటి. అతను హాయిగా నవ్వుతూ కర్రకు చేరగిలబడి నిద్రపోయాడు. "తిప్పాంబా, నువ్వే గెలిచావు" అంది ఇంకొకటి. ఆమె ఉన్నచోటే ఒరిగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు ఆరుగురూ కూలబడ్డారు. ఒక పాము పోలన మెడ చుట్టూ తిరిగి అక్క గొంతుతో పలికింది:

"తమ్ముడూ, తొందరేం లేదమ్మా. అలసిపోయావు. కాసేపు పడుకో."

పోలన కళ్ళు సగం మూతపడ్డాయి. అంతలో ఉలిక్కిపడి తెరుచుకున్నాయి. "ఛీ! మా అక్క పుట్టి బుద్ధెరిగాక తొందరేం లేదని అనలేదు! తిట్టకుండా ఒక్క మాట మాట్లాడదు! పో అవతలికి!"

పాము బుస్సున ఆవిరైపోయింది. పక్కన చూస్తే పినాకమ్మ నిక్షేపంగా నిలబడి ఉంది, ఆమె పాదాల దగ్గర రెండు పాములు నోళ్ళు నొప్పిపుట్టి పడి ఉన్నాయి.

"నాకు తీపి మాటలు ఎవరు చెప్పారు గనక నమ్మడానికి!" అంది ఆమె. "నువ్వు దిగు. వీళ్ళను నేను లేపుతాను. గోడ విరగబోతుంటే తొమ్మిది రాజ్యాలకూ తెలిపేందుకు ఏడు కర్రల దగ్గరా ఏడు పొగగుంటలున్నాయి. ఇన్నేళ్ళూ ఒక్కటి వెలిగించాలన్నా ఏడుగురి ఒప్పుదల కోసం చూశాను. ఈసారి ఎవరినీ అడగను."

"వంతెన తెగిపోయింది. చుట్టుదారిన నడిచి వెళితే ఎనిమిది రోజులు అవ్వా!"

పినాకమ్మ గుహలోంచి మంచు కరిగించుకునే పెద్ద రాగి గంగాళాన్ని దొర్లించుకొచ్చింది. పోలన దాన్ని చూశాడు, దిగువన నున్నగా జారుతున్న మంచువాలును చూశాడు. "వద్దు" అనబోయాడు. అప్పటికే గంగాళంలో ఉన్నాడు. ముసలావిడ కాలితో ఒక్క తన్ను తన్నింది.

ఆ ప్రయాణం వర్ణించమంటే పోలన జీవితాంతం ఒకటే మాట చెప్పేవాడు: "కళ్ళు మూసుకున్నాను." గంగాళం గిరగిరా తిరుగుతూ, దేవదారు చెట్ల మధ్య నుంచి దూసుకుపోయి, ఒక కొండమేకల మందను రెండుగా చీల్చి, మూడు జలపాతాల మీద నుంచి ఎగిరి, ఠంగుమని మోగుతూ నదిలో పడింది. గంగాళమే పడవైంది. చేతులే తెడ్లయ్యాయి. నిద్ర వచ్చినప్పుడల్లా అక్క తిట్లు ఒక్కొక్కటే గట్టిగా వల్లించుకున్నాడు. నాలుగు రోజులు ఆ తిట్లకు సరిగ్గా సరిపోయాయి.

పున్నమి నాడు సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు కుంభిని చేరాడు. రేవు పక్క ఇసుకలో వేలమంది అరటాకుల ముందు బంతులు తీరారు. పులిహోర ఆవిర్లు, సన్నాయి మేళం, పిల్లల కేరింతలు. ఎత్తైన వేదిక మీద రాజు. చుట్టూ ఈటెల భటులు. పక్కన యోగి ఆసనం ఖాళీగా ఉంది. అందరూ ఎదురుచూశాక రావడం ఆయన అలవాటు.

చినిగిన బట్టల వేషగాణ్ణి వేదిక ఎవరెక్కనిస్తారు? ఎక్కినా ఎవరు వింటారు? ఇంతమంది ఎవరు చెబితే లేస్తారు? పోలన ఒక్క క్షణం ఆలోచించి చాకలిరేవులో ఆరేసిన పట్టుబట్ట ఒకటి లాగాడు. మూటలోంచి గడ్డం, నెమలి ఈకలు తీశాడు. కళ్ళు సగం మూశాడు. చెదరని చిరునవ్వు పెదాల మీదికి తెచ్చుకున్నాడు. అన్నింట్లోకీ అదే కష్టమైంది.

భటులు దారి ఇచ్చి తలలు వంచారు. పోలన వేదిక ఎక్కి తేనెలాంటి గొంతుతో అన్నాడు: "బిడ్డలారా! నా అంజనం మారింది. విస్తళ్ళు వదిలి ఇప్పుడే కోటకొండ ఎక్కండి."

"యోగిగారు లెమ్మన్నారు!" అంటూ వేలమంది ఒక్కసారిగా లేచారు. పోలనకు సంతోషమూ వేసింది, కోపమూ వచ్చింది. ముప్పై ఏళ్ళు గోడ కొలిచినవాళ్ళు చెబితే కదలని జనం!

వాళ్ళు నాలుగడుగులు వేశారో లేదో, చిలకల రెక్కల చప్పుడు వినిపించింది. అసలు నిశ్చింతయోగి అవతలి మెట్ల మీదుగా వేదిక ఎక్కాడు.

ఇద్దరు యోగులు! రాజు లేచి నిలబడ్డాడు. జనం ఆగిపోయారు.

"బిడ్డలారా, కూర్చోండి" అన్నాడు అసలువాడు చిరునవ్వుతో. "వెయ్యేళ్ళు. నా అంకె ఎప్పుడైనా మారిందా?" "క్షేమం! క్షేమం!" అన్నాయి చిలకలు. జనం ఊపిరి పీల్చుకుని మళ్ళీ విస్తళ్ళ ముందు కూర్చోసాగారు.

ముందు బంతిలో ముత్తక్క కూర్చుని ఉంది. ఆమె నడుముకు పోలన చెప్పు కట్టి ఉంది. ఇంట్లో వదిలితే ఎలుకలు కొరుకుతాయని వెంటే తెచ్చుకుంది. పట్టుబట్ట అంచు కింద నుంచి ఆమెకు రెండు కాళ్ళు కనిపించాయి. ఒకదానికి తెలిసిన చెప్పు, ఇంకోదానికి తెలియని చెప్పు. ఆమె నోరు తెరిచి మూసుకుంది. తను నోరు విప్పితే వాడి తల పోతుంది.

పోలన అక్కను చూశాడు. ఎన్ని రోజులు ఎన్ని వేషాలు కట్టినా చివరి రోజు రంగు కడుక్కుని సొంత ముఖంతో గడప ముందు నిలబడాలని వేషగాళ్ళ కట్టు. పోలన గడ్డం పీకి విసిరేశాడు.

"ప్రభూ, నేను పోలనను! తమరు పంపిన పని అయింది."

ఈటెలు అతని గుండె వైపు తిరిగాయి. రాజు చేయెత్తి ఆపాడు. "అబద్ధం పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను ప్రభూ. వాళ్ళు సరైన మాట చెప్పడం లేదు."

రాజు జనం వైపు విజయగర్వంతో చూశాడు. "వినండి! ఎంత తేడా?"

"ఉన్నదానికన్నా తక్కువ భయపెట్టారు. పన్నెండేళ్ళు కాదు. ఈ పున్నమే. నవ్వుతారని జంకి ఏడు లెక్కల్లోకీ మెత్తనిది చెప్పారు. వాళ్ళ అంకె మారిందంటే రోజూ వెళ్ళి చూస్తున్నారు గనక మారింది. ఈయనది మారలేదంటే ఒక్కసారీ చూడలేదు గనక మారలేదు. ముప్పై ఏళ్ళ కిందట వెయ్యి, ఇప్పుడూ వెయ్యేనా? ఈ ముప్పై ఏళ్ళూ ఎటు పోయాయి స్వామీ?"

ఎవరో కిసుక్కుమన్నారు. కానీ ఎవరూ లేవలేదు. పోలన వేదిక అంచుకు వచ్చి ఒక్క మనిషితోనే మాట్లాడాడు.

"అక్కా, ఆరు పలకలు గట్టివి, ఒకటి పగిలింది. ఏ పలక చూసి ఓడ వదులుతావు?"

ముత్తక్క తమ్ముడి ముఖంలోకి చూసింది, ఓడ అడుగు చూసినట్టు. "పగులు ఎక్కడ?"

"నడిమధ్యన."

"ఎంత?"

"చేయి దూరేంత."

"మరింతసేపు ముచ్చట్లేమిట్రా సన్నాసీ!" అంటూ ముత్తక్క విస్తరి తన్నేసి లేచింది. "లేవండర్రా! ఒరేయ్ సరంగూ, మీ ఓడ మునుగుతుందని నేనన్న ఏడాదే మునిగిందా లేదా? ఏం మింగుతున్నావింకా? చేయి కడుక్కోకపోయినా ఫర్వాలేదు, లే!"

రేవులో ముత్తక్క ఓడ దిగమంటే దిగనివాడు లేడు. సరంగులు లేచారు, వాళ్ళ వెనక పల్లెకారులు, వాళ్ళ వెనక ఊరు. రాజు ఏదో ఆజ్ఞ ఇవ్వబోయాడు గానీ పల్లకీ బోయీలు దాని కోసం ఆగలేదు. ఆయనను ఎక్కించుకుని అప్పటికే కోటమెట్ల సగానికి చేరారు. యోగి భుజాల మీది చిలకలన్నీ ఒక్కసారిగా లేచి, ఈసారి ఏమీ అనకుండా, కొండ వైపు ఎగిరిపోయాయి.

అప్పుడే ఉత్తరాన, వెండికూటం మీద ఒక పొగ లేచింది. తర్వాత రెండోది. పోలన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. ఏడు.

గోడ విరిగిన చప్పుడు దూరపు ఉరుములా వినిపించింది. సముద్రం నిట్టూర్చినట్టు వెనక్కి తగ్గింది. క్రోసెడు మేర అడుగు బయటపడింది, మెరిసే చేపలూ, పాత ఓడల పక్కటెముకలూ. బంతి చివర కూర్చున్న నలభై యాభై మంది చేపల కోసం ఆ తడి ఇసుకలోకి పరుగెత్తారు. ఒంటరిగా మిగిలిన నిశ్చింతయోగి మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచాడు. నెమలి విసనకర్ర ఒక్క విసురు విసిరాడు. తెల్లని పొగపాములు బిలబిలా పాకి వాళ్ళను చుట్టుముట్టాయి. చేపలు చేతుల్లో ఉండగానే అందరూ చిరునవ్వుతో ఇసుక మీద ఒరిగిపోయారు.

పోలన పట్టుబట్ట విప్పి పారేసి అటు తిరిగాడు. ముత్తక్క అతని చేయి పట్టుకుంది. గట్టిగా, మణికట్టు నొప్పి పుట్టేలా. కోటమెట్ల మీద జనం తోసుకుంటున్నారు. ఆమె లేకపోతే ఆ తోపులాటలో సగంమంది మళ్ళీ దిగిపోతారు.

ఆమె చేయి వదిలింది. వంగి, నడుముకు కట్టిన చెప్పు విప్పి, అతని ఎడమకాలికి తనే తొడిగింది. ఆ పరాయి చెప్పును దూరంగా గిరాటేసింది.

"రెండూ వేసుకుని పో. తొందరగా పరుగెత్తాలి కదా" అంది. తర్వాత గొంతు మారింది. "మళ్ళీ ఆ తెల్ల పురుగులు చెవిలో ఏదో ఊదితే నిలబడి వింటావేమో, దద్దమ్మా! పరుగెత్తు!"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండు కాళ్ళకూ సొంత చెప్పులతో పోలన సముద్రం విడిచిన నేల మీదికి పరుగు తీశాడు. దూరాన, ఆకాశపు అంచున, సన్నని తెల్లగీత ఒకటి లేస్తోంది. పొగపాములు అతని మడమల వెంట పడ్డాయి. వెనక నుంచి ముత్తక్క మెట్ల మీద నిలబడి, ఈసారి వీపు చూస్తూనే, ఊరంతా వినేలా తిడుతూనే ఉంది. ఆ తిట్లు చెవిన పడినంతసేపూ తనకు నిద్ర రాదు. అడుగడుక్కీ అవి సన్నబడుతున్నాయి. పోలన చెవులు వెనక్కి రిక్కించి, ముందుకు పరుగెత్తాడు.